అగ్గి తెగులు, కాటుక తెగులు: దాడికి ఆజ్ఞ ఎక్కడిది?

వరికి అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రం ఒంటరిగానే దాడికి దిగుతుంది. ఆకు గట్టిగా తగలగానే పీఎంకే1 అనే ఎంజైము సంకేతం పంపుతుంది. గుమ్మటంలాంటి కణం ఏర్పడి, కారు టైరులోని గాలికి సుమారు 40 రెట్ల ఒత్తిడితో ఆకును పొడుస్తుంది. పీఎంకే1 జన్యువును తీసేస్తే గుమ్మటమే లేదు. దాని కింద పనిచేసే నియంత్రక ప్రోటీన్ ఎంఎస్‌టీ12ను తీసేస్తే మరీ విచిత్రం: గుమ్మటం లేస్తుంది, పొడవడం మాత్రం చేతకాదు.

మొక్కజొన్న కాటుక తెగులు శిలీంధ్రానికి జత కావాలి. ఒంటరి కణం ఈస్టులా బతుకుతుంది, మొక్క జోలికి పోదు. రెండు కణాలు కలిసి, చెరొకటి ఇచ్చిన బీఈ, బీడబ్ల్యూ ప్రోటీన్లు జట్టు కడితేనే ఆర్‌బీఎఫ్1 అనే మరో నియంత్రక ప్రోటీన్ మేల్కొని దాడి జన్యువులను తెరుస్తుంది. ఒకే కణం నుంచి వచ్చిన ప్రోటీన్ల జంట పనికిరాదు, సగోత్రం కుదరదన్నమాట! నియంత్రణలో నాకు ఇదే అందంగా కనిపిస్తుంది, కానీ రైతుకు భయం మొదటిదే. కాటుక బుడిపెలనైతే మెక్సికోలో కూర వండుకుంటారు.