మేడ మీద రికార్డుల కొట్టు: గాజు బీరువా వద్దు, నేల మీది బుట్ట ముద్దు

చెన్నైలో మౌంట్ రోడ్డుకి ఆనుకున్న ఒక సందులో, ఇరుకు మెట్లెక్కితే పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే కొట్టు ఉంది. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఇప్పటికి నాలుగు శనివారాలు వెళ్ళాను, పదకొండు రికార్డులు కొన్నాను, అందులో ఒకదాని గురించి ఇంట్లో ఇంకా మాటలు పడుతూనే ఉన్నాను.

ముందు మంచి చెప్తా. ఓనరు పెద్దాయన తమిళుడే అయినా వడపళని సినిమా స్టూడియోల చుట్టూ పెరిగినవాడు, మనకంటే గలగలా తెలుగు మాట్లాడతాడు. ఏ రికార్డు తీసినా "వినండి సార్, విన్నాకే డబ్బులు" అని టర్న్‌టేబుల్ మీద పెట్టేస్తాడు. ఈ ఒక్కదానికే నేను మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాను. పోయినేడు ఆన్‌లైన్లో ఒకాయన "నియర్ మింట్", అంటే దాదాపు కొత్తదే అని పెడితే 6,000 పోసి ఒక ఎల్పీ (ఒక్కో వైపు కొన్ని పాటలు పట్టే పెద్ద వినైల్ రికార్డు) తెప్పించుకున్నా. ఫోటోలో అద్దంలా మెరిసింది, ఇంట్లో ముల్లు పెట్టగానే పకోడీలు వేగుతున్న చప్పుడు. గీత పడితే కంటికి కనిపిస్తుంది గానీ, బరువైన ముల్లుతో పదేళ్ళు వాయించిన అరుగుదల కనిపించదు, చెవికే తెలియాలి.

ఇక్కడ వినేటప్పుడు కూడా మొదటి పాట వేయించుకుని మురిసిపోకండి, చివరి పాట వేయమనండి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కదా, అంచు దగ్గర ముల్లు కింద నుంచి సెకనుకి సుమారు అరమీటరు గాడి వెళ్తే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంతసేపటి పాటే, సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది: "స"లన్నీ "ష"లవుతాయి, సుశీలమ్మకి జలుబు చేసినట్టు వినిపిస్తుంది. నేను చివరి పాట అడిగినప్పుడల్లా పెద్దాయన నవ్వుతాడు, రేటు మాత్రం తగ్గించడు.

ఇక గొడవంతా గాజు బీరువాతోనే. అందులో ప్రతిదానికీ "రేర్" అని ఎర్ర స్టిక్కరు. ఘంటసాల భగవద్గీత ఎల్పీకి 4,500! గుడి మైకుల్లో, చావింట్లో, వైకుంఠ రథాల్లో తరాల తరబడి మోగుతున్నది అరుదెలా అవుతుందండీ? అడిగితే "క్లీన్ కాపీ దొరకదు సార్" అన్నాడు. నిజమే, గుళ్ళో ప్లేట్లని ఎవరు పువ్వులా చూసుకున్నారు గనక. కానీ ఆ క్లీన్ కాపీ కవరుకి చెన్నై చెమ్మ పట్టి, లోపల బూజు చుక్కలున్నాయి. వేలు పెట్టి చూపించాను. "అది కవరు సార్, పాట కాదు" అన్నాడు.

పక్కనే ఇంగ్లీషు బ్యాండు బీటిల్స్‌ది 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం లక్క రికార్డు) ఒకటి, లక్ష పైమాట. ఇది మాత్రం నిజంగా అరుదే, ఒప్పుకోవాలి. బయటి దేశాల్లో 78ల రోజులు చెల్లిపోయాక కూడా మన దగ్గర కీ తిప్పే గ్రామఫోన్లు ఇళ్ళల్లో ఉండేవి కాబట్టి, 1960ల్లో ఆ పాటలు కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో 78లుగా అచ్చయ్యాయి. తెల్లవాళ్ళు వాటికోసం ఎగబడతారు. సరే, వినడానికి ఎలా ఉంటుంది? లక్క ప్లేటు, మోనో, వెనకాల సన్నగా వాన. పాట కోసమైతే ఫోన్లో ఇంతకన్నా శుభ్రంగా వినిపిస్తుంది. బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ దాచుకున్న, వాళ్ళ వైట్ ఆల్బమ్ ఎల్పీ 0000001 నంబరు కాపీ 2015లో వేలంలో 7,90,000 డాలర్లు పలికింది, ఆ డబ్బంతా ఆ నంబరుకీ అది ఎవరింట్లోదన్న దానికీ గానీ, పాటలు మాత్రం మిగతా కాపీల్లో ఉన్నవే. దాన్ని తప్పనను. పట్టుచీర బీరువాలో దాచుకునేవాళ్ళని ఏమంటాం? కానీ సౌండ్ బాగుంటుందని చెప్పి అంత రేటు కట్టించుకుంటే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు నా కథ. ఇవన్నీ తెలిసీ 1950ల నాటి తెలుగు సినిమా పాట 78 ఒకటి 9,000కి కొన్నాను, ఆ పాట రికార్డు చేసిన ఊళ్ళోనే ఉంటున్నానన్న పిచ్చిలో. దానికి ఎల్పీ ముల్లు పనికిరాదు, 78 గాడి మూడు నాలుగింతలు వెడల్పు, వేరే ముల్లు కొనాలి, ఆ ఖర్చు వేరే. ప్యాక్ చేస్తూ కొట్లో కుర్రాడు "స్పిరిట్‌తో తుడిస్తే మెరుస్తుందన్నా" అన్నాడు. తుడిచాను. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని నాకు ఆ రాత్రి తెలిసింది, దూది నల్లబడింది, ప్లేటు బూడిద రంగుకి తిరిగింది. "తొమ్మిది వేలు పోసి కొన్నారు, సీసా పోసి కడిగారు" అంటుంది మా ఆవిడ, వచ్చిన చుట్టాలందరికీ. తీసుకెళ్ళి చూపిస్తే పెద్దాయన తల పట్టుకుని రెండు ఈపీలు (రెండు మూడు పాటలుండే చిన్న రికార్డులు) ఊరికే ఇచ్చాడు. డబ్బు వెనక్కివ్వలేదు. సలహా ఇచ్చే కుర్రాడికి ముందు ఏది లక్కో ఏది వినైలో నేర్పాలి కదా.

ఐదుకి మూడున్నర ఇస్తాను, అది కూడా నేల మీది బుట్టలకే. 300 నుంచి 1,000 లోపు ఎల్పీలు, వరస ఉండదు, మోకాళ్ళ మీద కూర్చుని వెతకాలి, చేతులు నల్లబడతాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మెట్రోలో వెళ్ళండి. మొన్న ఆ బుట్టలోనే 700కి ఒకటి దొరికింది, చివరి పాట కూడా శుభ్రంగా పలికింది. కవరు వెనక నీలం సిరాతో "పెళ్ళి కానుక, నెల్లూరు, 1978" అని గుండ్రటి చేతిరాత. కవరు మీద రాసుంటే రేటు పడిపోతుందని పెద్దాయన తనే వంద తగ్గించాడు. నేనేం మాట్లాడలేదు, ఆరొందలిచ్చి వచ్చేశాను.