ప్రయోగాల అలారం యాప్: మోగడంలో లోటు లేదు, ఆగితేనే తంటా

చంద్రయాన్-3 హడావుడిలో, అంటే 2023 జులైలో, ఈ అంతరిక్ష వార్తల యాప్ వేసుకున్నా. నక్షత్రాల పటం, చంద్రుడి కళలు, విదేశీ ప్రయోగాల కబుర్లు ఇందులో చాలానే ఉన్నాయి. వాటి జోలికి నేను పెద్దగా పోలేదు. నాకు కావాల్సింది షార్‌లో, అంటే శ్రీహరికోటలోని ఇస్రో కేంద్రంలో, రాకెట్ ప్రయోగానికి పది నిమిషాల ముందు మోగే అలారం ఒక్కటే. మాది నెల్లూరు వేదాయపాళెం. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా మిద్దె నుంచి సూటిగా కొలిస్తే 80 కిలోమీటర్ల చిల్లర. అలారం మోగగానే పైకెక్కి దక్షిణం వైపు చూస్తూ నిలబడతాం, అంతే.

మొదట్లో ఆఫీసులో అందరికీ దీని గురించి తెగ చెప్పా. యూట్యూబ్ లైవ్ కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది, ఇది మాత్రం సెకను తేడా లేకుండా లెక్కపెడుతుంది అని. నిజమే, లెక్కపెడుతుంది. కాకపోతే మా మిద్దె మీదున్న వాడికి ఆ సెకన్లతో పనేం లేదు. రాకెట్ లేచిన క్షణాన ఇక్కడికి కనపడదు. భూమి వంపు కొంత, ఎదురింటి కొబ్బరిచెట్లు కొంత అడ్డం. అవి దాటి పైకి రావడానికి అర నిమిషం పైనే పడుతుంది. లైవ్‌లో మంట చూశాక మెట్లెక్కినా అందుకోవచ్చు.

ఇక అసలు కోపం 2023 అక్టోబర్ 21 నాటిది. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కు సంబంధించిన టీవీ-డీ1 పరీక్ష ఆ రోజు. దారిలో ఏదైనా తేడా వస్తే వ్యోమగాములుండే మాడ్యూల్‌ను రాకెట్ నుంచి విడదీసి కాపాడే ఏర్పాటు పనిచేస్తుందా లేదా అని చూసేది. దసరా సెలవులు, కావలి నుంచి మా మేనమామ వాళ్లంతా దిగారు. ముందు 8 గంటలన్నారు, వాతావరణం బాగాలేక 8.45కి జరిపారు. ఆ మార్పు వరకు యాప్ సరిగ్గానే చెప్పింది. అందరం మిద్దెక్కాం. మా అమ్మయితే పెసరట్లు సగంలో ఆపేసి, చేతికి పిండితోనే వచ్చేసింది. ఫోన్‌లో పది, తొమ్మిది, ఎనిమిది... సున్నా. స్క్రీన్ పచ్చగా మారి ‘ప్రయోగం జరిగింది’ అని పడింది. పైన చూస్తే మబ్బు తప్ప ఏం లేదు.

“ఏంరా అబ్బయ్యా, ఎగిరిందా లేదా?” అన్నాడు మామ.

“ఎగిరిందనే చూపిస్తోంది మామా, మబ్బులో కనపడలేదేమో.”

కిందికి దిగి పెసరట్లు తిన్నాం. అసలు సంగతి మామ కొడుకు టీవీ పెట్టాక తెలిసింది. సరిగ్గా 5 సెకన్ల ముందు గ్రౌండ్ కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపేసింది. కారణం కనిపెట్టి, సరిచేసి 10 గంటలకు పంపారు. ఎగిరిపోయిందని అప్పటికే తేల్చేసుకున్న యాప్ రెండోసారి మోగలేదు.

న్యాయంగా చెప్పాలంటే, మోగినా మాకు కనపడేదన్న గ్యారంటీ లేదు. మబ్బు ఒకటి, పైగా ఆ పరీక్షలో మాడ్యూల్ వెళ్లిందే దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తుకు. కానీ జరగనిదాన్ని జరిగిందని చెప్పడమేంటి? దాని కౌంట్‌డౌన్ వట్టి గడియారం. అవతల ఎవరో ‘హోల్డ్’, అంటే కౌంట్‌డౌన్ ఆగింది, అని ఎక్కించేదాకా దానికేం తెలీదు. ఫిర్యాదు రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనది అని ఒక రెడీమేడ్ జవాబు పంపారు.

తర్వాత ఏదో అప్‌డేట్‌లో మాత్రం, సున్నా అయ్యాక ‘నిర్ధారణ కావాలి’ అని చూపించడం మొదలుపెట్టింది. 2024 డిసెంబర్‌లో యూరప్ వాళ్ల ఉపగ్రహాలు ప్రోబా-3 ప్రయోగాన్ని గంట కూడా లేదనగా మర్నాటికి వాయిదా వేస్తే, ఆ కబురు వెంటనే ఇచ్చింది. అదే నెల 30న, రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో జోడించి చూసే స్పేడెక్స్‌ను 9.58 నుంచి రాత్రి 10 గంటలకు జరిపినప్పుడు ఆ రెండు నిమిషాల తేడానూ పట్టుకుంది. ఆ రాత్రి వెలుగు ముద్ద కొబ్బరిమట్టల పైనుంచి లేచి తూర్పుకు వాలడం అందరం చూశాం. మా అమ్మ కూడా, ఈసారి చేతులు కడుక్కునే వచ్చి.

కాబట్టి తీసేయలేదు. పక్కన ఇంకో ఫోన్‌లో లైవ్ పెట్టుకుని వాడుతున్నా. దక్షిణం వైపు ఖాళీగా ఉన్న మిద్దె నాకుంది కాబట్టి సరిపోయింది. ఒంగోలులో ఉండే మా బావకు పగటి ప్రయోగాల్లో ఇది దండగ, అక్కడికి సూటిగానే 200 కిలోమీటర్లు. ప్రయోగం చూడ్డానికి షార్ గ్యాలరీకి పోయేవాళ్లకూ అక్కర్లేదు, మైకులోనే అన్నీ చెబుతారు. డబ్బు కట్టే వెర్షన్‌లో హోల్డ్ సంగతి అప్పటికప్పుడే వస్తుందంటున్నారు. ఆఖరి సెకన్లలో మళ్లీ ఒక ప్రయోగం ఆగితే గానీ అది తేలదు, ఆగాలని నేనెట్లా కోరుకుంటా? అందుకే ఉచితం దగ్గరే ఉన్నా.