పదివేల ప్యాకేజీ, పున్నమి నాటి పాటు

చేపలు పడలేదని రాయడం లేదు. గాలం వేసినవాడికి చేప పడకపోవడం కొత్తేమీ కాదు. సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి మాకు చెరువులో పెంచే బొచ్చె వేపుడు పెట్టినందుకు రాస్తున్నాను.

మాది విజయవాడ, పటమట. మా బామ్మర్ది వాళ్ళది గుంటూరు, బ్రాడీపేట. వాడికి గాలాల పిచ్చి. కృష్ణ కాలవల మీద, చెరువుల మీద పదిహేనేళ్ళుగా వేస్తున్నాడు. ఒకసారి అండమాన్ కూడా వెళ్ళి, చార్టర్ బోటులో పెద్ద పార చేప పట్టుకుని ఫొటో దిగి వచ్చాడు. ఆ ఫొటో చూపించని పెళ్ళి లేదు, పేరంటం లేదు. నేను జీవితంలో గాలం ముట్టుకోలేదు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, వాడికి మామయ్య ఏం చెబితే అదే వేదం. నాలుగోవాడు మా ఆఫీసు స్నేహితుడు, 'చేప తింటాను కానీ పట్టను' అంటూనే వచ్చాడు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక ఆదివారానికి చేపల వేట ప్యాకేజీ మాట్లాడుకున్నాం. మనిషికి 2,500 చొప్పున నలుగురికి పదివేలు, అందులో 5,000 ముందే ఫోన్‌లో పంపాం. ఏజెంటు చెప్పిందేమిటంటే: నిజాంపట్నం నుంచి బోటు, ఉదయం ఆరింటికి బయలుదేరడం, నాలుగు గంటల వేట, రాడ్లు, ఎర, లైఫ్ జాకెట్లు, టిఫిను, తిరిగొచ్చాక 'మీరు పట్టిన చేపే వండి పెడతాం'. కొత్తవాళ్ళకు నేర్పిస్తారట, చెయ్యి తిరిగినవాళ్ళకు వేరే గాలాలు ఇస్తారట.

ముందు రాత్రి బస కూడా తనే చూస్తానన్నాడు. చూశాడు, సూర్యలంకలో. మ్యాప్ చూసుకోకపోవడం నా తప్పే. బోటు నిజాంపట్నంలో ఎక్కాలి, పడక సూర్యలంకలో. తెల్లవారుజామున మళ్ళీ గంట ప్రయాణం. గదికి 3,200 తీసుకుని 'సముద్రం కనిపించే గది' అన్నారు. కిటికీ తీస్తే సరుగుడు చెట్లు, వాటి వెనక ఇంకొన్ని సరుగుడు చెట్లు. సముద్రం వినిపిస్తుంది, అంతవరకు నిజమే. దోమలు మాత్రం నాలుగు దిక్కుల నుంచీ కనిపించాయి. గీజర్ పనిచేయడం లేదని చెబితే కౌంటర్ దగ్గరి కుర్రాడు 'బీచ్‌కి వచ్చి వేణ్ణీళ్ళేంటి సార్' అన్నాడు. నాకు కోపం వచ్చింది, మా అబ్బాయికి నవ్వొచ్చింది.

పొద్దున్నే చెప్పిన టైముకి రేవులో ఉన్నాం. బోటు ఉంది, దాన్ని నడిపే సరంగు ఉన్నాడు. బయలుదేరడం లేదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే 'ఇంకో ఫ్యామిలీ ఉంది సార్, హైదరాబాద్ నుంచి వస్తున్నారు, దగ్గరికి వచ్చేశారు' అన్నాడు. బోటు మనకొక్కళ్ళకే అన్నది ఎప్పుడో గాల్లో కలిసిపోయింది. వాళ్ళు ఐదుగురు తొమ్మిదింటికి వచ్చారు. అప్పటికి మాకిచ్చిన ఇడ్లీలు గట్టిపడ్డాయి. వాళ్ళని అనడానికీ లేదు, వాళ్ళకి ఏడున్నరకి రమ్మని చెప్పాడట.

సరంగు మంచివాడే. పెద్దాయన. ఆయన రెండుసార్లు అన్నాడు, 'బాబూ, ఇవాళ పున్నం. ఇప్పుడు పోటు మీద ఉంది కాబట్టి వెళ్ళిపోతాం. మధ్యాహ్నానికి పాటు తీస్తది, మొగలో ఇసక తేలుద్ది. మనది పెద్ద బోటు' అని. మేము తల ఊపాం. అర్థమైందా అంటే నిజాయితీగా చెబుతున్నాను, కాలేదు. పోటంటే సముద్రం నీళ్ళు ఎక్కడం, పాటంటే దిగిపోవడం, పున్నానికి రెండూ ఎక్కువే, మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు అని తర్వాతే తెలిసింది. ఆయన చెప్పాల్సింది ఏజెంటుకి, ఏజెంటు విజయవాడలో ఉన్నాడు.

ఇక జాకెట్లు. సిబ్బంది కాక తొమ్మిది మందిమి, జాకెట్లు ఐదు. అందులో రెంటికి బకిల్ లేదు, నవారు తాడుతో ముడేశారు. మా ఆవిడ బయలుదేరేముందు నాతో ఒకే ఒక్క మాట అంది, 'జాకెట్ లేకపోతే పిల్లాణ్ణి ఎక్కించొద్దు'. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం చేరువలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. అందరూ కార్తీక ఆదివారం సరదాగా వచ్చినవాళ్ళు. ఆ సాయంత్రం ఫెర్రీ వైపు వెళ్ళిన అంబులెన్సుల చప్పుడు మా ఆవిడ ఇంకా మర్చిపోలేదు. అక్కడే దిగిపోవాల్సింది. దిగలేదు, పదివేలు గుర్తొచ్చాయి. ఒక జాకెట్ పిల్లాడికి కట్టాను. అది పెద్దవాళ్ళది, వాడు కూర్చుంటే గడ్డం దాటి ముక్కు దాకా లేస్తుంది.

సముద్రంలో వేట గంటా నలభై నిమిషాలు. రాడ్లు రెండే. ఒకటి మా బామ్మర్ది చూసి 'ఇది చెరువులో బొమ్మిడాయిలకి కూడా పనికిరాదు బావా' అని పక్కన పెట్టి తన సొంతది తీశాడు. అవతలి కుటుంబంలో ముగ్గురికి వాంతులు. వాళ్ళమ్మాయి ఏడుస్తుంటే ఎవరికి మాత్రం గాలం మీద ధ్యాస ఉంటుంది? మాకు పడ్డవి మూడు జెల్లలు, ఒక గొరక.

ఆ జెల్ల కథ ఒకటి చెప్పాలి. మా స్నేహితుడు, 'పట్టను' అన్నవాడే, ఉత్సాహం ఆపుకోలేక గాలం నుంచి జెల్లను వట్టి చేత్తో తీయబోయాడు. జెల్లకు వీపు మీద ఒకటి, రెక్కలకు చెరొకటి ముళ్ళుంటాయి, వాటికి విషముంటుంది. బొటనవేలి కింద దిగింది. మనిషి కేక పెట్టి కూలబడిపోయాడు. సరంగు కంగారు పడలేదు. ఫ్లాస్కులో టీకి తెచ్చుకున్న వేణ్ణీళ్ళు మగ్గులో పోసి, తన చెయ్యి పెట్టి వేడి చూసి, వాడి చెయ్యి అందులో ముంచి పట్టుకున్నాడు. చల్లారితే మళ్ళీ పోశాడు. అరగంటకి నొప్పి తగ్గుముఖం పట్టింది. ఆ విషానికి వేడి విరుగుడట, కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి చాలు. తర్వాత డాక్టరుని అడిగితే ఆయనా అదే చెప్పాడు, టీటీ ఇంజెక్షన్ కూడా చేశాడు. కొత్తవాళ్ళెవరైనా వెళ్తే ప్లయర్ ఒకటి, ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్ళు పట్టుకెళ్ళండి. ప్యాకేజీవాడు ఇస్తాడని కూర్చోవద్దు.

ఒంటిగంటన్నరకి మొగలోకి వచ్చాం. సరంగు చెప్పినట్టే బోటు కింద గర్రుమంది, ఆగింది. చుట్టూ మోకాలి లోతు నీళ్ళు, కింద ఇసుక, దూరంగా మడ అడవి, పైన ఎండ. నీడ లేదు. తాగే నీళ్ళు పావులీటరు మిగిలాయి. పోటు తిరిగి నీళ్ళెక్కే దాకా అలాగే కూర్చున్నాం, నాలుగూ నలభై ఐదు దాకా. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

అలా కూర్చుని ఉండగా వచ్చాడు ఒక ఫైబర్ బోటు కుర్రాడు. ఇంజను ఫ్యాను పైకి లేపి, గెడతో తోసుకుంటూ, మేము ఇరుక్కున్న ఇసుక పక్కనుంచే జారిపోతున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, తన నీళ్ళ సీసాలు రెండు మా అబ్బాయి చేతికిచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. 'ఈసారొస్తే నాకు ఫోన్ చేయండి అన్నా, ఆదివారం కాకుండా' అన్నాడు.

ఒడ్డుకొచ్చాక భోజనం. మా జెల్లలు, గొరక ఏమయ్యాయో తెలియదు. ప్లేటులో వేపుడు ముక్కలు వచ్చాయి. బామ్మర్ది ఒక ముక్క విరిచి, ముల్లు చూసి, వాసన చూసి 'బొచ్చె' అన్నాడు. వంటవాణ్ణి అడిగితే దాచలేదు పాపం, 'అవును సార్, కైకలూరు లోడు' అన్నాడు. చెరువు చేప తినడానికి కైకలూరు పోతే సరిపోయేది కదా, మూడు గంటలు ఎండలో ఎందుకు మాడినట్టు? బిల్లులో ఎర కింద 600 అదనం. రాడ్ చివర విరిగిందని ఇంకో 1,500 అడిగారు. అది మేము ముట్టుకోని రాడ్. ఆ పదిహేనువందలు ఇవ్వలేదు. గొడవలో మా బామ్మర్ది గొంతు గుంటూరు దాకా వినిపించి ఉంటుంది. దారంతా ఎవరం మాట్లాడుకోలేదు, పొన్నూరులో టీ తాగేదాకా.

రెండోసారి వెళ్ళడానికి కారణం మా అబ్బాయి. వాడికి ఆ నీళ్ళ సీసాల అన్న గుర్తుండిపోయాడు. ఫోన్ చేస్తే ఆ కుర్రాడు ముందు తేదీ అడగలేదు, తిథి చెప్పాడు. 'ద్వాదశి నాడు రండన్నా. తెల్లారి ఐదింటికి నీళ్ళెక్కుతుంటాయి. పదింటిలోపు లోపలికొచ్చేద్దాం' అన్నాడు. అది శుక్రవారం. నేను సెలవు పెట్టాను, అబ్బాయికి జ్వరమని స్కూలుకి చెప్పాం. ఈసారి సూర్యలంక జోలికి పోకుండా బాపట్లలో మామూలు లాడ్జిలో 1,200కి పడుకున్నాం. గీజర్ పనిచేసింది. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఈసారి మేము ముగ్గురమే. బోటు 4,500, ఆయిలుతో కలిపి, ఐదు గంటల సేపటికి. సాయానికి వచ్చిన తమ్ముడికి 500. బతికున్న రొయ్యలు 300. జాకెట్లు మేమే గుంటూరులో కొనుక్కున్నాం, పిల్లాడిది వాడి సైజులో. మెరైన్ పోలీసుల దగ్గర పేర్లు, ఆధార్ నెంబర్లు రాయించి గానీ కదలలేదు. ఆ పని ఆ కుర్రాడే చేయించాడు. వాంతుల మాత్ర గంట ముందు వేసుకున్నాం.

ఒక మాట ముందే చెబుతున్నాను. అండమాన్ చార్టర్ లాంటిది ఊహించుకుని వెళ్ళకండి. చేపల్ని చూపించే తెర లేదు, కుర్చీ లేదు, బాత్రూం అసలే లేదు. బోటు అంచుకి ప్లంబింగ్ పైపు ముక్కలు రెండు తాళ్ళతో కట్టి ఉన్నాయి, రాడ్లు నిలబెట్టుకోడానికి. లోతు తాడుకి రాయి కట్టి చూస్తాడు, 'ఐదు బారలు' అంటాడు. అంతే. మా బామ్మర్ది మొదట మొహం మాడ్చుకున్నాడు.

ఆ మొహం తర్వాత ఇంకా మాడింది. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో అక్కడి నీళ్ళు ఎప్పుడూ టీ రంగే. ఎర బదులు గాలానికి కట్టే తళతళలాడే ఇనప చేపలు, ఒక్కొక్కటి 900 రూపాయలవి, మార్చి మార్చి విసిరాడు. మసక నీళ్ళలో ఆ తళుకు ఏ చేపకి కనిపిస్తుంది? అక్కడ పనిచేసేది వాసన. కుర్రాడు మా అబ్బాయికి రాడ్ కూడా ఇవ్వలేదు, దారం, సీసం గుండు, గాలం, రొయ్య, అంతే. దారాన్ని వాడి చూపుడువేలి మీద వేసి, 'చిన్న చేప గిల్లుద్ది, పెద్ద చేప లాగుద్ది. గిల్లినప్పుడు ఊరుకో. చేతికి మాత్రం చుట్టుకోమాక, వేలు తెగుద్ది' అన్నాడు. వాడు కళ్ళు మూసుకుని వేలి మీదే ప్రాణం పెట్టి కూర్చున్నాడు. ఇంట్లో లెక్కలు చేసేటప్పుడు అరనిమిషం కుదురుగా ఉండడు. గొరకలు ఆరు, చిన్న పారలు రెండు తీశాడు.

ఏడున్నరప్పుడు మొగకి దగ్గరగా వచ్చి లంగరేశాం. బామ్మర్ది అప్పటికి పరువు పక్కన పెట్టి, తన ఖరీదైన రాడ్‌కే బతికున్న రొయ్య గుచ్చాడు. పావుగంటకి రీలు కీచుమంది. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి బయటికొచ్చింది మాగ. వెండి ఒళ్ళు, గడ్డం కింద దారాల్లా మీసాలు. మూడున్నర కిలోలు తూగింది. వాడు ఫొటో దిగలేదు, నమ్మరు గానీ నిజం. రెండు చేతులూ వణుకుతున్నాయి, ఫోన్ నాకివ్వడం కూడా మర్చిపోయాడు.

వంట ఆ కుర్రాడి వాళ్ళక్క. నాలుగొందలు. మాగ పులుసు, గొరకల వేపుడు, అన్నం. మా బామ్మర్ది గరం మసాలా ఉందా అని అడిగాడు. 'సముద్రం చేపకి మసాలా ఎందుకు బాబూ, నీచు దాచుకోడానికా?' అంది. చింతపండు, ఉల్లిపాయ, మన గుంటూరు కారం, మెంతిపొడి, ఇంకేం లేవు. మా వాడు మూడుసార్లు పెట్టించుకున్నాడు. మిగిలిన పులుసు సీసాలో పోసిచ్చింది. మర్నాడు పొద్దున అది ఇంకా బాగుంది, ఆ మాట మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

మొత్తం కలిపి, కారు పెట్రోలు కాక, ఆరువేల తొమ్మిదొందలు. జాకెట్లు ఎలాగూ ఇంట్లో ఉంటాయి.

మార్చి చివర్లో ఆ ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు, మేమెవరో గుర్తులేక. 'సార్, సమ్మర్ స్పెషల్, పిల్లలకి హాఫ్ టికెట్, ఏప్రిల్ మూడో ఆదివారం పెట్టుకుందామా?' అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరం పొడుగునా ఇంజను బోట్ల వేట బంద్. నిజాంపట్నంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అదే అన్నాను.

'అవి చేపలోళ్ళకి సార్, మనకి కాదు' అన్నాడు.

స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కనే మా అబ్బాయి, 'నాన్నా, ఆ రోజు తిథేంటో అడుగు' అన్నాడు.