అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్, మారుతి 800: చెన్నైలో ఏడాది వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను. స్వయంగా నడుపుకునే మనిషికి నాలుగు పాత కార్లు ఎక్కువ, రెండు చాలు. ఒక్కటే ఉంచుకోమంటే పద్మినిని ఉంచుకుంటాను. హెరాల్డ్‌ను అమ్మాల్సి వస్తే మాత్రం కొన్నవారు తీసుకెళ్లే రోజున నేను ఇంట్లో ఉండను.

వీటిలో ఏదీ అలంకారానికి కొన్నది కాదు. 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4, 1988 నాటి ప్రీమియర్ పద్మిని, 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3, 1985 నాటి మారుతి 800. నాలుగూ పెట్రోలు బండ్లే, నాలుగూ రోడ్డు మీద తిరుగుతున్నవే. గిండీలో ఆఫీసుకు, టి.నగర్ బజారుకు, నెల్లూరులో అమ్మ దగ్గరికి వీటిలోనే వెళ్తున్నాం. మా ఇల్లు తిరువాన్మియూర్‌లో, సముద్రానికి దగ్గర. అపార్ట్‌మెంట్ కింద రెండు కార్లకే చోటు ఉంది కాబట్టి మిగతా రెండూ అంబత్తూరులో ఒక స్నేహితుడి షెడ్డులో ఉంటున్నాయి. ఈ ఏర్పాటు పుణ్యమా అని తలవని తలంపుగా ఒక పరీక్ష కూడా జరిగిపోయింది.

నడిపితే అరిగిపోతుందని పాత కారును దాచుకునేవారు చాలామంది ఉన్నారు. చెన్నైలో అది నిలబడితేనే పాడవుతుంది. బ్రేకుల సంగతే చూడండి. ఈ మూడు పెద్ద బండ్లకూ నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ చక్రం దగ్గర బ్రేకును నెట్టే వీల్ సిలిండర్‌లో చేరి లోపలి గోడను తినేస్తుంది, పిస్టన్ బిగుసుకుపోతుంది. నవంబరు వానల్లో రెండు వారాలు కదలకుండా ఉన్న అంబాసిడర్‌ను తీయబోతే వెనక చక్రం ఒకటి తిరగనని మొండికేసింది. డ్రమ్‌ను లోపలి నుంచి పట్టి ఆపే బ్రేక్ షూ వెళ్లి డ్రమ్‌కు అతుక్కుపోయింది. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురు మిగులుస్తుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మీద సన్నటి పొర పట్టి స్పార్క్ బలహీనమవుతుంది. రోజూ నడిచే కారులో ఇవి అంత త్వరగా తలెత్తవు.

నిలబెట్టిన చోటే పది నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపేస్తే సరిపోతుందనే సలహాను నమ్మవద్దు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది. అరగంటైనా రోడ్డు మీద నడవాలి. నాలుగు కార్లకు నాలుగు అరగంటలు, పైగా అంబత్తూరుకు రానూపోనూ సమయం. అలా ఆదివారం ఉదయాలన్నీ వీటికే ధారపోశాను. మా మెకానిక్ పెద్దాయన కుర్రతనంలోనే చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. కవరు కప్పి ఉన్న పద్మినిని చూసి, "బాబూ, కవరు కప్పితే దొంగకు కనిపించదు గానీ తుప్పుకు బాగానే కనిపిస్తుంది" అన్నారు. ప్లాస్టిక్ కవరు కింద తేమ ఎక్కడికీ పోదు. ఆ రోజే తీసేశాను. ఇప్పుడు లోపల పార్క్ చేసినప్పుడు పలుచటి నూలు గుడ్డ మాత్రమే కప్పుతున్నాను.

ఇక పరీక్ష సంగతి. తిరువాన్మియూర్‌లో ఉంచిన పద్మిని బంపర్ మీది క్రోమ్ ఏడాది తిరగకుండానే చుక్కలు చుక్కలుగా లేచింది. అంబత్తూరు షెడ్డులోని అంబాసిడర్‌ది చెక్కుచెదరలేదు. రెండింటికీ ఒకే చోట, ఒకే నెలలో క్రోమ్ వేయించాను. ఉప్పుగాలి ఇంత త్వరగా పనిచేస్తుందని కళ్లారా చూశాక, బీచ్ పక్కన ఉండేవారికి నేను చెప్పేది ఒక్కటే. రంగుకు పెట్టే డబ్బు కొంత తగ్గించుకుని, తలుపుల అడుగున, ఛాసిస్ సందుల్లో మైనపు పూత కొట్టించండి.

హెరాల్డ్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అది ఈ ఊరి బిడ్డ. 1959లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టింది. గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. 1961 నుంచి వండలూరు దగ్గర పెరుంగళత్తూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు ఇక్కడే తయారుచేశారు. 948 సీసీ ఇంజన్. నా దగ్గరున్న మార్క్ 3కి నాలుగు తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండ్‌లో రాలేదు, అది మన దగ్గరే తయారైంది. ఆ తర్వాత గజెల్ వచ్చింది, 1985లో స్టాండర్డ్ 2000 వచ్చింది, ఆ పెద్ద కారు తోనే కంపెనీ కథ ముగిసింది.

దీని మలుపు చూడాలి. సుమారు 25 అడుగుల వెడల్పులో పూర్తిగా తిరిగేస్తుంది. పాండీబజారు పక్క సందుల్లో కొత్త ఎస్‌యూవీలు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ఇది ఒక్క ఊపులో తిరిగి వెళ్లిపోతుంది. బానెట్ ఎత్తితే ముందు రెక్కలతో సహా మొత్తం ముందుకు ఒరుగుతుంది. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఏ ఆధునిక కారులోనూ నాకు ఇంత సుఖంగా స్పార్క్ ప్లగ్ అందలేదు.

రెండు జాగ్రత్తలు తప్పవు. వెనక ఉన్నది స్వింగ్ యాక్సిల్, అంటే ఒక్కో చక్రం తన ఇరుసుతో విడిగా పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి మలుపు మధ్యలో గబుక్కున యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని తోక జారుతుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద మలుపులకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో కాలు నిలకడగా ఉంచితే ఏ ఇబ్బందీ లేదు. రెండోది ట్రనియన్లు, అంటే ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారంగా ఉండే మరల కీళ్లు. వాటికి గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్ పోయాలి. గ్రీజు లోపలి మరల దాకా చేరదు, అక్కడ నీరు నిలిచి తుప్పు పట్టి చివరికి ముక్క విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. చాలా మంది మెకానిక్‌లు నూనె ఎక్కించే నిపిల్ కనిపించగానే అలవాటుగా గ్రీజు గన్ ఎత్తుతారు. నేను ఆ నిపిళ్లకు ఎర్ర రంగు పూసి ఉంచాను.

పద్మినికి ఇంత చరిత్ర వల్లించనక్కర్లేదు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మన దేశంలో మొదలై, 1970లలో పద్మిని అయి, దాదాపు 2000 దాకా వచ్చిన బండి. 1089 సీసీ, నాలుగు గేర్లు, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే. ముంబయిలో ట్యాక్సీగా దశాబ్దాలు బతికింది, చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరు ఆఖరున గానీ అక్కడి రోడ్ల నుంచి తప్పుకోలేదు. ట్యాక్సీగా నడిచిన బండికి విడిభాగాలు దొరకడం తేలిక, బాగుచేయడం తెలిసిన చేతులూ ఎక్కువ. తేలికైన క్లచ్, నాలుగు వైపులా చక్కగా కనిపించే అద్దాలు, సన్నటి స్తంభాలు. లీటరుకు 12, 13 కిలోమీటర్ల దాకా ఇస్తోంది. గిండీ ట్రాఫిక్‌లో పొద్దున, సాయంత్రం విసుగు లేకుండా నడపగలిగింది ఈ నాలుగింటిలో ఇదొక్కటే. లోపాలు లేవా? రాత్రి వానలో హెడ్‌లైట్ వెలుగు దీపం బుడ్డిని తలపిస్తుంది. వైపర్లు తుడుస్తాయనడం కంటే నీటిని అటూ ఇటూ సర్దుతాయనడం న్యాయం.

అంబాసిడర్ గుణం హైవే మీద తెలుస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి తీసుకున్న ఆకారం, 1489 సీసీ ఇంజన్. నెల్లూరు దాకా సుమారు 175 కిలోమీటర్లు. రెడ్‌హిల్స్ దాటాక గంటకు 70 దగ్గర స్థిరపడితే ఇంజన్ హాయిగా ఉంటుంది, 85 దాటితే తలుపులు, డాష్‌బోర్డు, డిక్కీ వేటి పాటికవి మాట్లాడటం మొదలుపెడతాయి. హెడ్‌లైట్ డిప్ చేయడానికి ఎడమ కాలితో నొక్కే స్విచ్చు మా అబ్బాయికి ఇప్పటికీ వింతే. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు మాత్రం ఇదే కావాలి. సీటు ఎత్తుగా ఉంటుంది, వంగి దూరనక్కర్లేదు. "ఇందులో కూర్చుంటే కూర్చున్నట్టు ఉంటుందిరా, మిగతావాటిలో పడుకున్నట్టు ఉంటుంది" అంటుంది. సూళ్లూరుపేటలో టిఫినుకు ఆపినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, తమ ఇంట్లో ఉండిన అంబాసిడర్ కథ చెప్పకుండా వదలరు. ఊళ్లో నడపడం మాత్రం వ్యాయామమే. స్టీరింగ్ బరువు, క్లచ్ బరువు, లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు దాటని మైలేజీ.

మారుతి 800 ఈ జాబితాలో ఎందుకని నవ్వినవారున్నారు. 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన తొలి మోడల్ ఎస్‌ఎస్ 80 ఇది, 1986లో ఆకారం మారిన దానికంటే ముందుది. 796 సీసీ, మూడు సిలిండర్లు. తాళం తిప్పితే చాలు, ఏ రోజైనా ఇంజన్ అందుకుంటుంది. దాని గురించి ఇంతకుమించి చెప్పేది లేకపోవడమే దాని గొప్ప. కానీ విడిభాగాల దగ్గర అసలు కష్టం పెట్టింది ఇదే. ఇంజన్ భాగాలు దొరుకుతాయి, ఎస్‌ఎస్ 80కి మాత్రమే వచ్చిన గ్రిల్, వెనక దీపాలు దొరకవు. అంబాసిడర్‌ను జనం దాచుకున్నారు, తొలి మారుతిని తుక్కుకు వేశారు. దీనికి కొన్న ధర కంటే టింకరింగ్‌కూ పెయింటుకూ అయిందే ఎక్కువ.

విడిభాగాల విషయంలో చెన్నైలో ఉండటం అదృష్టమే. పాడిలో 1961 నుంచి లూకాస్ టీవీఎస్, 1962 నుంచి బ్రేక్స్ ఇండియా ఉన్నాయి. దేశంలోని పాత కార్లలో చాలావాటి సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, బ్రేకు సిలిండర్లు ఇక్కడ పుట్టినవే. వాటిని విప్పి బాగుచేయగల మనుషులు ఇంకా ఆ చుట్టుపక్కల వీధుల్లో ఉన్నారు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రబ్బరు బీడింగులు, సీటు గుడ్డలు. పుదుపేటలో విప్పేసిన బండ్ల భాగాలు. పుదుపేటకు వెళ్లేటప్పుడు పాడైన ముక్కను చేతిలో పట్టుకుని వెళ్లాలి, పేరు చెప్పి అడిగితే పేరున్న ప్రతిదీ మీ బండికి సరిపోతుందనే అంటారు.

ఎండాకాలం వేరే కథ. మే నెలలో కత్తిపారా దగ్గర ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో హెరాల్డ్ దగ్గి ఆగిపోయేది. ఇంజన్‌కు ఆనుకుని ఉన్న మెకానికల్ పంపు వేడెక్కి, పైపులోనే పెట్రోలు ఆవిరి బుడగలు కట్టేస్తుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగడం పాత వైద్యం, ఇప్పటికీ పనిచేస్తుంది. పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పి, పైన వేడి తగలని తొడుగు వేయించాక బాధ చాలావరకు తగ్గింది. కరెంటు ఫ్యాను పెట్టించమని సలహాలిచ్చారు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆ డైనమో ఇచ్చేదే సుమారు 22 ఆంపియర్లు. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదించినప్పుడు అదీ ఇవ్వదు. ఫ్యాను తిప్పి బ్యాటరీని చంపుకోవడమే మిగులుతుంది.

దానికి తోడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, పంపులో పెట్రోలును నెట్టే పలుచటి పొరను (డయాఫ్రమ్) మెత్తబరిచి చీలుస్తుంది, నీటిని పీల్చుకుని ట్యాంకులో తుప్పు పుట్టిస్తుంది. ఈ ఏడాది నేను ఖర్చు పెట్టిన వాటిలో నూరుపాళ్లూ గిట్టుబాటైంది ఇథనాల్‌ను తట్టుకునే విటాన్ రబ్బరు గొట్టాలు, కొత్త డయాఫ్రమ్‌లు. పాత గొట్టంతో నడిపేవారు మైలేజీ గురించి కాదు, మంట గురించి ఆలోచించాలి.

కాగితాల పని అనుకున్నంత భయంకరం కాదు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన హెరాల్డ్‌కు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. కానీ అలా చేయిస్తే ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు తప్ప రోజూ నడపకూడదు. కూరగాయలు తేవడానికి పనికిరాని కారు నాకెందుకు? మామూలు రిజిస్ట్రేషన్‌నే కొనసాగించాను. బీమా దగ్గరే విసిగిపోయాను. ఒక కంపెనీ వారు హెరాల్డ్ విలువను కొత్త స్కూటర్ కంటే తక్కువగా లెక్కగట్టారు. చివరికి థర్డ్ పార్టీ బీమాతోనే నడుపుతున్నాను.

అంబాసిడర్‌ను నెల్లూరులో ఉన్న మా బావమరిదికి ఇచ్చేస్తున్నాను. అక్కడ ఉప్పుగాలి ఇంత లేదు, అమ్మకూ అందుబాటులో ఉంటుంది. మారుతికి వెనక దీపాలు దొరికితే ఉంచుతాను, లేకపోతే అవి దొరికిన వాళ్లకు బండి ఇస్తాను. హెరాల్డ్ కోసం వెతికేవారు రంగు చూసి మోసపోకండి. బాడీ నాలుగైదు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, అది ఎలాగైనా బాగవుతుంది. కింద పడుకుని ఛాసిస్ నుంచి పక్కలకు చాచుకుని బాడీని మోసే ఇనుప చేతులను సుత్తితో తట్టి చూడండి, తుప్పును కప్పిన పుట్టీ ఉంటే మొద్దు శబ్దం వస్తుంది. తర్వాత లేచి, ట్రనియన్లకు ఏం పోస్తున్నారని యజమానిని అడగండి. గ్రీజు అని జవాబు వస్తే, కొత్త ట్రనియన్ల ఖర్చు తగ్గించి బేరం మొదలుపెట్టండి.