విజయవాడలో లెబనీస్ మెజ్జే: ఏవి చెప్పాలి, ఏవి వదిలేయాలి

బందరు రోడ్డులోని ఈ లెబనీస్ రెస్టారెంటుకు వెళ్లి, బిర్యానీకి వెళ్లినట్టు తలా ఒక ప్లేటు చెప్పుకుంటే ఏమీ బాగోదు. మెజ్జే అంటే చిన్న గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని, రొట్టె తుంచి అద్దుకుంటూ అందరూ కలిసి తినేది. నలుగురికి చల్లటివి మూడు, వేడివి రెండు, గ్రిల్ ఒకటి సరిపోతాయి. అన్నీ ఒకేసారి చెప్తే ఒకేసారి తెచ్చి పెట్టేస్తారు, శనగల ముద్ద హమ్మస్ అయ్యేలోగా శనగ వడల్లాంటి ఫలాఫెల్ మెత్తబడిపోతుంది. చల్లటివి సగమయ్యాక వేడివి చెప్పండి.

హమ్మస్ మాత్రం తప్పక చెప్పాల్సిందే. రాత్రంతా నానిన కాబూలీ శనగలు, చిటికెడు సోడాతో, వేళ్ల మధ్య నొక్కగానే ముద్దయిపోయేంతగా ఉడకాలి. ఉడుకు తగ్గితే మిక్సీలో ఎంతసేపు తిప్పినా నాలుకకు రవ్వరవ్వగా తగులుతుంది. ఇక్కడిది వెన్నలా ఉంది. తహీనీ, అంటే నువ్వుల ముద్ద, ధారాళంగా వేశారు. నిమ్మ పులుపు చివర్లో అందుతుంది. అయితే అడక్కుండానే పైన కారప్పొడి చల్లేస్తున్నారు. మన నోళ్లకు కారం కావాలనే ఉద్దేశం కావచ్చు గానీ, నువ్వుల కమ్మదనమంతా దాంతో పోతుంది. ముందే వద్దనండి.

ముతబ్బల్ కూడా బాగుంది. మన కాల్చిన వంకాయ పచ్చడిలో చింతపండుకు బదులు నిమ్మరసం, తాలింపుకు బదులు తహీనీ పడినట్టుంటుంది. వంకాయ నేరుగా మంట మీద కాలిందని పొగ వాసనే చెబుతోంది. కాల్చాక నీరు వడకట్టకపోతే గిన్నె అంచున నీళ్లు తేలతాయి. ఇక్కడ తేలలేదు.

తబ్బూలే వద్దు. అది పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు) సలాడ్, గోధుమ నూక అందులో కొద్దిగానే కనబడాలి. ఇక్కడ నూకే ఎక్కువ, పార్స్లీలో సగం కొత్తిమీర. బదులుగా కరకరలాడే రొట్టె ముక్కలు కలిపిన సలాడ్, ఫత్తూష్ తీసుకోండి, సుమాక్ అనే ఎర్రటి పుల్లని పొడి పులుపు సరిగ్గా కుదిరింది.

ఫలాఫెల్ నిరాశపరిచింది. నానబెట్టిన శనగల్ని ఉడికించకుండా, ఆకుకూరతో కలిపి బరకగా రుబ్బాలి. విరిస్తే లోపల పచ్చగా, పొడిపొడిగా ఉండాలి. ఉడికించిన శనగలైతే నూనెలో విచ్చిపోతాయి, అందుకని పిండి కలుపుతారు. ఇక్కడ పైన కరకరలాడినా లోపలంతా పిండి ముద్దే.

షిష్ తావూక్, అంటే చువ్వకు గుచ్చి కాల్చిన చికెన్‌తో వచ్చే తూమ్ అనే వెల్లుల్లి సాస్ కోసమైనా మళ్లీ వెళ్లొచ్చు. వెల్లుల్లి, ఉప్పు, నూనె, నిమ్మరసం, అంతే. నూనె సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి, తొందరపడితే విరిగిపోతుంది. చాలాచోట్ల ఆ శ్రమ పడకుండా వెల్లుల్లి కలిపిన మయోనైజ్ ఇచ్చేస్తారు. ఇక్కడిది అసలైన తూమే, తెల్లగా, ముక్కుకెక్కే ఘాటుతో ఉంది.

పీటా రొట్టె పొంగి వేడిగా వస్తుంది, చల్లారితే అట్టముక్కే. తలా ఒకటి చొప్పున విడతలుగా తెప్పించుకోండి, అదనపు రొట్టెకు బిల్లు వేరు. శాకాహారులు ఇంకొకటి అడగాలి: కిబ్బే (మాంసం, గోధుమ నూక కలిపిన ఉండలు), ఫలాఫెల్ ఒకే నూనెలో వేయిస్తున్నారా అని. మెనూలో ఆ సంగతి రాయలేదు.