చెన్నై పెరియమెట్‌లో కొన్న లెదర్ గ్లౌజులు, షాక్ కొట్టదన్నాడు

450 పెట్టి కొన్నా, కుట్టు గట్టిగా ఉంది, తోలు మెత్తగా ఉంది, మోటార్లు ఎత్తడానికి, వేడి పైపులు పట్టుకోడానికి సూపర్, ఆ విషయంలో వంక పెట్టను. కానీ షాపులో అతను "వేసుకుని కరెంటు పని చేస్కోండి సార్, షాక్ కొట్టదు" అన్నాడు చూడండి, అదే నాకు నచ్చలా.

మా ఇన్వర్టర్ల పనిలో 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) ఎలాగూ ఉంటుంది కదా అని చెక్ చేశా. రోజంతా ఏసీ గదిలో పెట్టిన గ్లౌజ్ బానే చూపించింది, అదే గ్లౌజ్ రాత్రి బాల్కనీలో వదిలేసి పొద్దున్నే పెడితే ముల్లు పడిపోయింది, ఇక గంట చెమటలో వాడాక అయితే చెప్పక్కర్లేదు. తోలంటే కొల్లాజెన్ అనే ప్రోటీన్, గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ నీళ్లలో టానింగ్‌లో (పచ్చి చర్మాన్ని తోలుగా మార్చేటప్పుడు) వాడిన ఉప్పులు కరిగి కరెంటుకి దారి ఇస్తాయి, మన చెమట ఉప్పు అదనం. తేమ కొంచెం పెరిగినా రెసిస్టెన్స్ పదుల, వందల రెట్లు పడిపోగలదు. మద్రాసు గాలి సంగతి తెలిసిందేగా, ఉతికిన బనీనే ఆరదు.

లైవ్ పనికి రబ్బరు ఇన్సులేటింగ్ గ్లౌజులే కావాలి, లెదర్‌ది వాటిపైన చిరగకుండా వేసుకునే తొడుగు మాత్రమే. అడయార్‌లో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ ఉన్న ఊళ్లో తోలు అమ్మేవాళ్లకి ఇది తెలీదంటే నమ్మబుద్ధి కాదు.

గ్లౌజుకి 4 స్టార్లు, అతని మాటకి సున్నా.