గేదా, కుట్టు మిషనా, జీడిపప్పు బేరమా? పక్క ఆదాయానికి ఏది మేలు

పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనో, విజయనగరం వైపు జూట్ మిల్లుల్లోనో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళ ఇళ్ళల్లో నెలాఖరు వచ్చిందంటే మాట ఇంకో ఆదాయం మీదికే పోతుంది. మా వైపు వినబడే ఆలోచనలు ముఖ్యంగా మూడు: గేదెను కొనడం, కుట్టు మిషన్ పెట్టడం, పలాస నుంచి జీడిపప్పు తెచ్చి అమ్మడం. ఏది ఎంత తెస్తుందని లెక్క వేసేముందు, ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుందో తేల్చుకోవాలని నా అభిప్రాయం. ఫోన్లో లైకులు కొడితే డబ్బులిస్తామనే పనుల సంగతి ఇక్కడ చెప్పను. ముందు మన చేత డబ్బు కట్టించుకునేది పని కాదు, మోసం. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

గేదె మాట ఎత్తేది సాధారణంగా మగవాళ్ళే. డ్వాక్రా లోను మాత్రం ఇంటావిడ పేరున వస్తుంది, పేడ తీసేదీ ఆమే. ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిపోతే గడ్డి, కుడితి, పాలు తీయడం, కేంద్రానికి పట్టుకెళ్ళడం అన్నీ ఆమె నెత్తినే. పుట్టింట్లో పెళ్ళయినా సాయంత్రం పాల వేళకి తిరిగి రావాల్సిందే. ఈ శ్రమకి ఎవరూ ఖరీదు కట్టరు, అందుకే గేదె లాభసాటిగా కనిపిస్తుంది.

ఇక డబ్బు లెక్క. గేదె ఈనాక సుమారు పది నెలలు పాలిస్తుంది. మళ్ళీ ఈనేసరికి పద్నాలుగు, పదిహేను నెలలు పడుతుంది. అంటే నాలుగైదు నెలలు వట్టిపోయి ఉంటుంది, మేత మాత్రం తప్పదు, లోను వాయిదా ఆగదు. కొనేటప్పుడు పూటకి ఎన్ని లీటర్లని మాత్రమే అడిగి వచ్చేవాళ్ళకి టెన్షన్ మొదలయ్యేది ఆ నెలల్లోనే. కేంద్రంలో రేటు కట్టేది వెన్న శాతం చూసి. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ కాబట్టి, అవి దూడకి వదిలేస్తే శాతం పడిపోతుంది. దూడని ముందే కుడిపించాలి. సొంత పొలం గట్ల మీద పచ్చగడ్డి, ఇంట్లో వరిగడ్డి, పనికి ఇద్దరు మనుషులు ఉంటే గేదెను కొనండి. రెండు పూటలా మీ ఎదురుగా పాలు తీయించి చూశాకే బయానా ఇవ్వండి. గడ్డి కూడా కొనుక్కోవాల్సిన ఇంటికి మాత్రం నేను గేదెను కొనమని చెప్పను.

కుట్టు మిషన్‌కి పెట్టుబడి గేదె ఖరీదులో చిన్న వంతు. ఒంట్లో బాగోకపోతే రెండు రోజులు ఆపినా అది మేత అడగదు. నేర్చుకోవడానికి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాల్లో ఉన్నాయి, అక్కడ శిక్షణ ఉచితం. అయితే నెల రోజుల శిక్షణతో లైనింగ్ జాకెట్టు చక్కగా కుదురుతుందనుకోకండి. చంక దగ్గర కత్తిరింపు అరంగుళం తేడా వస్తే గుడ్డ పాడవుతుంది, ఆ మనిషి మళ్ళీ రాదు. మొదట్లో చీరలకి ఫాల్ కుట్టడం, పిల్లల గౌన్లు, లంగాలు పట్టుకుంటే చేయి తిరుగుతుంది, చీర పాడవుతుందన్న భయమూ ఉండదు. ఆ తర్వాత ఆది జాకెట్టు ఇచ్చేవాళ్ళ పని తీసుకోవచ్చు. కొలతలు తీసి కొత్తగా కుట్టడం అన్నిటికన్నా ఆఖర్న.

దీనికీ సీజన్లున్నాయి. ఆషాఢంలో మిషన్ ఖాళీ. శ్రావణంలో ఊపిరి సలపదు. విజయనగరంలోనైతే దసరా, ఆ వెంటనే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అందరికీ ఒకేసారి కొత్త జాకెట్లు కావాలి. చేయగలిగినన్నే ఒప్పుకోండి. అసలు చిక్కు అరువు. "పిన్నీ, ఈసారికి ఉంచు, వచ్చేవారం ఇస్తాను" అనేది పక్కింటావిడే కాబట్టి గట్టిగా అడగలేం. గుడ్డ తీసుకున్నప్పుడే సగం డబ్బు తీసుకుంటే ఆ మొహమాటం తప్పుతుంది. మామూలు ఇంటికి నా ఓటు దీనికే. డబ్బు ఆమె చేతికే వస్తుంది, పని వేళ కూడా ఆమె ఇష్టమే. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

జీడిపప్పు బేరం మగవాళ్ళు కూడా చేయగలిగింది. వారం సెలవు రోజున పలాస, కాశీబుగ్గ వెళ్ళి తెచ్చి, తోటి ఉద్యోగులకి, బంధువులకి అమ్మడం. ఇందులో తెలుసుకోవాల్సింది గ్రేడు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములు) 300 నుంచి 320 గుండు పప్పులు తూగేది, డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. బద్ద, ముక్క వేరే ధర. కొనేటప్పుడు గుప్పెడు తీసి తూచి లెక్కపెట్టండి, గ్రేడులో తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తేమ తగిలితే పప్పు మెత్తబడుతుంది, ఎక్కువ రోజులు ఉంటే ముక్కవాసన వస్తుంది, కాబట్టి నెలకి సరిపడా మాత్రమే తేవాలి. ఇలాంటి చిన్న అమ్మకాలకి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సరిపోతుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా బేరం బాగుంటుంది, ఆ తర్వాత పలచబడుతుంది. అందుకని దీన్ని నెల నెలా వచ్చే ఆదాయంగా లెక్కేసి ఏ వాయిదా కట్టడానికీ ఒప్పుకోవద్దు. పండగ ఖర్చులకో, పిల్లల పుస్తకాలకో సరిపెట్టుకోండి. ఆ లాభంలోంచే తర్వాత మోటారు కుట్టు మిషన్ కొనుక్కుంటే లోను జోలికే పోనక్కర్లేదు.